స్నేహితుల మేళం

మేళం అంటే ఏమిటో కోవూరు పిల్లలకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పెళ్ళి జరిగితే నాదస్వరం మేళం ఉంటుంది. ఊరేగింపు వస్తే దాని ముందు బ్యాండుమేళం నడుస్తుంది. బుర్రకథ కూడా ఒక చిన్న మేళమే. నడుమ కథకుడు తంబురా భుజాన వేసుకుని కథ చెబుతాడు. అటొకరూ ఇటొకరూ డక్కీలు వాయిస్తూ వంత పాడతారు. ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా కథ రక్తి కట్టదు.

ఇలాంటి మేళాల్లో చాలావాటి వెనక ఒక గురువుగాని, తండ్రిగాని ఉంటాడు. ఎవరు ఏది వాయించాలో ఆయనే చెబుతాడు. అయితే ఒక్కొక్కప్పుడు గురువూ లేక, చేతిలో డబ్బూ లేక, బడిలో కలిసి చదువుకునే కుర్రాళ్ళు తమంత తామే మేళం కట్టుకుంటారు. అప్పుడు ఎవరు పాడాలి, ఎవరు వాయించాలి, ఎవరిని చేర్చుకోవాలి అన్నవన్నీ వాళ్ళే తేల్చుకోవాలి.

వీటిలో చివరిదే అన్నిటికన్నా కష్టమైనది. కబడ్డీ జట్టు కట్టినవాళ్ళకి కూడా ఈ చిక్కు తెలిసే ఉంటుంది. జట్టుకి నువ్వు నాయకుడివి అనుకో. నీకంటె బాగా ఆడేవాడు ఒకడు వచ్చి, "నన్నూ చేర్చుకోండి," అంటాడు. చేర్చుకుంటే జట్టు గెలుస్తుంది, కాని నీ పెద్దరికం పోవచ్చు. చేర్చుకోకపోతే నీ పెద్దరికం నిలుస్తుంది, జట్టు మాత్రం ఎక్కడిది అక్కడే ఉంటుంది. ఏం చేస్తావు?

1957లో ఇంగ్లండులో పదహారేళ్ళ కుర్రవాడు ఒకడికి ఈ ప్రశ్న ఎదురైంది. అతను తేల్చుకున్నదాని మూలంగా ప్రపంచంలోకల్లా పేరు మోసిన మేళం ఒకటి పుట్టింది. ఆ తరవాత కొన్నేళ్ళకి మన నెల్లూరు ఇంటి బిడ్డ ఒకరు మద్రాసులో నడిపిన మేళంలోనూ దాదాపు ఇలాంటి కథే జరిగింది. ఆ రెండు కథలూ వినండి.

తేయాకు పెట్టె పాడింది

ఇంగ్లండు పడమటి తీరాన, మెర్సీ నది సముద్రంలో కలిసేచోట, లివర్‌పూల్ అనే ఊరున్నది. మన కృష్ణపట్నంలాగా అది ఓడరేవు. రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. యుద్ధం అయిపోయి పదేళ్ళు దాటినా కూలిన ఇళ్ళు అక్కడక్కడ అలాగే ఉండేవి. ఊళ్ళో చాలామంది బీదవాళ్ళు. అయినా ఓడల మీద పనిచేసే నావికులు అమెరికా వెళ్ళి వచ్చేటప్పుడు గ్రామఫోను రికార్డులు తెచ్చుకునేవారు. ఆ రికార్డుల్లో ఒక కొత్త రకం పాట ఉండేది. దాని పేరు రాక్ అండ్ రోల్.

ఈ పాట అమెరికాలోని నల్లజాతి ప్రజల సంగీతం నుంచి పుట్టింది. చక్ బెరీ, లిటిల్ రిచర్డ్ వంటి నల్లజాతి గాయకులూ, ఎల్విస్ ప్రెస్లీ అనే తెల్లజాతి గాయకుడూ 1950లలో దాన్ని లోకమంతటా పాకించారు. ఆ పాట నడక ఎలా ఉంటుందో మీరే చూడవచ్చు. ఆదితాళం వేసేటప్పుడు మనం మొదటి దెబ్బ గట్టిగా వేస్తాం. అలా కాక, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ, రెండు దగ్గరా నాలుగు దగ్గరా మాత్రమే చప్పట్లు కొట్టండి. కాసేపటికి కాళ్ళు ఊరుకోవు. అదే రాక్ అండ్ రోల్ నడక.

లివర్‌పూల్ కుర్రాళ్ళకి ఆ పాట తెగ నచ్చింది. కాని వాద్యాలు కొనడానికి డబ్బేదీ? అందుకు 1956లో ఒక ఉపాయం దొరికింది. లానీ డోనెగన్ అనే గాయకుడు ఇంట్లో దొరికే వస్తువులతో వాయించదగిన పాటలు పాడి పేరు తెచ్చుకున్నాడు. దీన్ని స్కిఫుల్ అనేవారు. ఎవరి దగ్గరైనా ఒక్క గిటారు ఉంటే చాలు. మిగిలిన వాద్యాలు వంటింట్లోనూ పెరట్లోనూ దొరుకుతాయి.

మన దేశం నుంచీ సింహళం నుంచీ ఆ దేశానికి తేయాకు పలచని చెక్కపెట్టెల్లో వెళ్ళేది. ఆ పెట్టెను బోర్లించి, అంచున ఒక చీపురుకర్ర నిలబెట్టి, పెట్టె నడుమ నుంచి కర్ర కొసకి ఒక తాడు కట్టేవారు. కర్రను వెనక్కి లాగితే తాడు బిగుసుకుని స్వరం పెరుగుతుంది. వదులు చేస్తే స్వరం దిగుతుంది. బట్టలు రుద్దే గరుకు రేకు పలక మీద, దర్జీలు వేలికి తొడుక్కునే లోహపు తొడుగులతో గీస్తే తాళం. మేళం తయారు!

తాడుకి అంత మోత ఎక్కడిది? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒక రబ్బరు బాండును రెండు వేళ్ళ మధ్య సాగదీసి మీటండి. చప్పుడు ఇంచుమించు వినపడదు. ఇప్పుడు దాన్నే మూత లేని అట్టపెట్టె మీదుగా తొడిగి మీటండి. చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. తాడు సన్నది. అది కదిలితే కదిలే గాలి చాలా కొద్ది. కాని తాడు పెట్టెని అదిరిస్తుంది, పెట్టె వెడల్పు కాబట్టి ఎక్కువ గాలిని కదిలిస్తుంది. తంబురాకి బుర్ర ఉన్నదీ, వీణకి కుండ ఉన్నదీ ఇందుకే. లివర్‌పూల్ తేయాకు పెట్టె తంబురా బుర్రకి చుట్టమే అన్నమాట.

నాయకుడి చిక్కు

జాన్ లెనన్ 1940లో పుట్టాడు. పెద్దమ్మ మిమీ ఇంట్లో పెరిగాడు. అతని తల్లి జూలియా దగ్గరలోనే మరొక ఇంట్లో ఉండేది. బాంజో వాయించడం తెలిసిన ఆ తల్లే కొడుకు చేతికి మొదటి పాఠాలు నేర్పింది. పెద్దమ్మకి మాత్రం ఇది నచ్చలేదు. గిటారు సరదాకి బాగానే ఉంటుంది గాని దానితో పొట్ట గడవదు అని ఆమె మందలించేది.

జాన్ చదివే బడి పేరు క్వారీ బ్యాంక్. అందుచేత తన మేళానికి "క్వారీమెన్" అని పేరు పెట్టాడు. చిన్నప్పటినుంచీ కూడా తిరిగిన పీట్ షాటన్ గరుకు పలక గీసేవాడు. ఎరిక్ గ్రిఫిత్స్ గిటారు, రాడ్ డేవిస్ బాంజో, కాలిన్ హాంటన్ డ్రమ్ములు, లెన్ గారీ తేయాకు పెట్టె వాయించేవారు. నాయకుడు జాన్. అందులో ఎవరికీ సందేహం లేదు. గిటారుకి ఆరు తీగలుంటే, తల్లి నేర్పిన బాంజో పద్ధతిలో జాన్ నాలిగింటితోనే సరిపెట్టుకునేవాడు. పాటలోని మాటలు గుర్తు రాకపోతే అప్పటికప్పుడు ఏవో కల్పించి పాడేసేవాడు.

1957 జూలై 6న వూల్టన్ అనే పేటలో సెయింట్ పీటర్స్ చర్చి ఉత్సవం జరిగింది. ఈ కుర్రాళ్ళ మేళం లారీ మీద ఊరేగుతూ వాయించింది. తరవాత మైదానంలో వాయించింది. సాయంకాలం జాన్ స్నేహితుడు ఐవన్ వాన్ తన బడిలో చదివే మరొక కుర్రవాణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. అతని పేరు పాల్ మెకార్ట్‌నీ. వయసు పదిహేను. విచిత్రమేమిటంటే ఐవన్, పాల్ ఒకే ఊళ్ళో ఒకే రోజున పుట్టినవాళ్ళు.

పాల్‌ది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ళ గిటారును తలకిందులుగా పట్టుకుని, ఎడీ కాక్రన్ పాడిన పాట ఒకటి ఒక్క మాట పొల్లుపోకుండా పాడాడు. అంతటితో ఆగక గిటారు తీగలు ఎలా శ్రుతి చెయ్యాలో ఈ కుర్రాళ్ళకి చేసి చూపించాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

జాన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టి ఉండదు. అప్పటిదాకా మేళంలో తానే మొనగాడు. ఈ వచ్చినవాడు తనతో సమానంగా ఉన్నాడు, కొన్ని విషయాల్లో తనకంటె గట్టివాడు. వీణ్ణి తీసుకుంటే తన మాటకి ఇప్పుడున్న విలువ ఉంటుందా? తీసుకోకపోతే మేళం ఎప్పటికైనా బాగుపడుతుందా? తాను బలంగా ఉండడమా, మేళం బలంగా ఉండడమా అన్న ప్రశ్న అప్పుడు తన మనసులో మెదిలిందని జాన్ పెద్దవాడయ్యాక స్వయంగా చెప్పాడు. చివరికి మేళమే బలంగా ఉండాలని నిశ్చయించుకున్నాడు. కొద్దిరోజుల తరవాత సైకిలు మీద పోతున్న పాల్ పీట్ షాటన్‌కి ఎదురుపడ్డాడు. జాన్ నిన్ను మేళంలోకి రమ్మంటున్నాడని పీట్ చెప్పాడు. పాల్ ఒప్పుకున్నాడు.

పాల్ తల్లి 1956లోనే జబ్బుచేసి చనిపోయింది. 1958 జూలైలో జాన్ తల్లి జూలియా కారు కింద పడి చనిపోయింది. తల్లి లేని ఆ ఇద్దరు కుర్రాళ్ళూ ఒకరి మనసు ఒకరు మాటల్లేకుండానే తెలుసుకున్నారు. ఎదురెదురుగా కూర్చుని, గిటార్లు పట్టుకుని, సొంత పాటలు కట్టి నోటుపుస్తకంలో రాసుకునేవారు. ఎవరు కట్టిన పాటైనా సరే ఇద్దరి పేర్లూ ఉండాలని ఒప్పందం చేసుకున్నారు.

బస్సు మీద పరీక్ష

పాల్ బడికి వెళ్ళే బస్సులోనే జార్జి హారిసన్ అనే కుర్రవాడు కూడా ఎక్కేవాడు. అతని తండ్రి బస్సు నడిపేవాడు. జార్జికి గిటారు పిచ్చి. పాల్ అతన్ని జాన్ దగ్గరికి తీసుకుపోయాడు. కాని జార్జికి అప్పటికి పదిహేనేళ్ళు అప్పుడే నిండుతున్నాయి. పదిహేడేళ్ళ జాన్ కంటికి వాడు పాలుతాగే పిల్లవాడిలా కనిపించాడు. ఒక రాత్రి డబుల్ డెక్కర్ బస్సు పైఅంతస్తులో, జనం పెద్దగా లేనప్పుడు, జార్జి గిటారు తీసి కష్టమైన వాద్యపాట ఒకటి తడబడకుండా వాయించాడు. ఇంకేం చెబుతాడు జాన్? పసివాడైనా చేర్చుకున్నాడు.

అయితే మెరుగైనవాళ్ళు రావడంతో పాత స్నేహితులకి చోటు చాలలేదు. పీట్ షాటన్‌కి సంగీతం మీద మొదటినుంచీ ఆసక్తి అంతంత మాత్రమే. ఒక విందులో జాన్ ఆ గరుకు పలకను పీట్ నెత్తినేసి కొట్టాడు. పలక చట్రం పీట్ మెడలో హారంలాగా దిగింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. అంతటితో పీట్ మేళం వదిలేశాడు గాని స్నేహం వదలలేదు. ఎరిక్ గ్రిఫిత్స్ సంగతి అలా జరగలేదు. గిటారుకి జార్జి వచ్చాడు కదా అని, ఎరిక్‌కి చెప్పకుండానే మిగిలినవాళ్ళు సాధనకి కూడుకోసాగారు. పాపం, తనని తీసేశారన్న సంగతి ఎరిక్‌కి ఆలస్యంగా తెలిసింది.

1958లో జాన్, పాల్, జార్జి, కాలిన్, పియానో వాయించే జాన్ లో అనే స్నేహితుడు, ఈ అయిదుగురూ తలా కాస్త వేసుకుని, ఒక పెద్దమనిషి తన ఇంట్లో పెట్టుకున్న చిన్న స్టూడియోలో రికార్డు చేయించుకున్నారు. వాళ్ళ వెనక ఏ కంపెనీ లేదు. రికార్డుకి ఒక్కటే ప్రతి. అయిదుగురూ వంతులవారీగా వారం వారం ఇంట్లో ఉంచుకుందామని అనుకున్నారు. ఆ రికార్డు చివరికి జాన్ లో ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా ఉండిపోయింది! 1981లో దాన్ని పాల్ కొనుక్కున్నాడు.

రాత్రింబవళ్ళు సాధన

1960లో మేళానికి "బీటిల్స్" అనే పేరు స్థిరపడింది. ఆ ఏడు ఆగస్టులో జర్మనీలోని హాంబర్గు నుంచి పిలుపు వచ్చింది. అదీ ఓడరేవే. అక్కడి క్లబ్బులో ఒక్కొక్క రాత్రి నాలుగున్నర గంటలూ, శని ఆదివారాల్లో ఆరు గంటలూ వాయించాలి. సినిమాహాలు వెనక కిటికీ లేని గదుల్లో పడక. అంతసేపు వాయించాలంటే వచ్చిన పది పాటలూ చాలవు. కొత్తవి నేర్చుకోవాలి, ఉన్నవాటిని సాగదీయాలి, జనం లేచిపోకుండా కూర్చోబెట్టాలి. బడిలో నేర్వని పాఠాలు అక్కడ నేర్చుకున్నారు. జార్జికి పద్ధెనిమిదేళ్ళు నిండలేదని తెలిసి నవంబరులో ప్రభుత్వం వారు అతన్ని దేశం నుంచి పంపించివేశారు.

1962 జనవరి 1న లండనులో ఒక పెద్ద రికార్డు కంపెనీవాళ్ళు వీళ్ళ పాటలు విని, తరవాత అక్కర్లేదన్నారు. ఆ ఏడే మరొక కంపెనీ తీసుకుంది. అప్పుడు మరొకసారి పాత ప్రశ్న వచ్చింది. హాంబర్గు రోజులనుంచి డ్రమ్ములు వాయిస్తున్న పీట్ బెస్ట్‌ని 1962 ఆగస్టులో తీసివేశారు. ఆ మాట చెప్పే పని మేనేజరు బ్రయన్ ఎప్‌స్టయిన్ నెత్తిన పడింది. రెండేళ్ళు కలిసి వాయించిన స్నేహితులు ముగ్గురిలో ఒక్కడూ ఎదుటికి రాలేదు.

కొత్తగా వచ్చినవాడు రింగో స్టార్. బీదపిల్లవాడు. ఆరో ఏట కడుపులో జబ్బు చేసింది; పదమూడో ఏట క్షయ వచ్చింది. ఏళ్ళ తరబడి ఆస్పత్రుల్లో ఉండడంతో చదువు సాగలేదు. అయితే ఆస్పత్రిలో పిల్లలకి కాలక్షేపంగా మేళం ఒకటి పెట్టారు. మంచం మీదనుంచే రింగో మొదటిసారి డోలు దెబ్బ వేశాడు. ఆ దెబ్బే అతనికి బతుకుతెరువయింది.

1962 అక్టోబరు 5న వాళ్ళ మొదటి రికార్డు వచ్చింది. 1964 ఫిబ్రవరి 9న అమెరికా టెలివిజనులో వాళ్ళు పాడితే 7 కోట్ల 30 లక్షలమంది చూశారు. అదే ఏప్రిల్‌లో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే పాటల పట్టికలో మొదటి అయిదు స్థానాలూ వీళ్ళవే. జార్జి మన రవిశంకర్ గారి దగ్గర సితారు నేర్చుకున్నాడు. 1968లో నలుగురూ హృషీకేశం వచ్చి గంగ ఒడ్డున ఉన్నారు.

"ఎవరిది?" అన్న మాట

ఇంత వైభవమూ ఎనిమిదేళ్ళే. వచ్చే డబ్బు లెక్కలు ఎవరు చూడాలన్న దాంట్లో తగాదా వచ్చింది. జార్జి తానుగా కట్టిన పాటలు దగ్గర పెట్టుకుని తిరుగుతున్నా, ఒక్కొక్క రికార్డులో అతనికి ఒకటి రెండు పాటలకే చోటు దొరికేది. పసివాడని అనుకున్న అలవాటు పెద్దయ్యాక కూడా పోలేదన్నమాట. 1970లో మేళం చెదిరింది. ఆ సంవత్సరం ఆఖరు రోజున పాల్ మిగిలిన ముగ్గురి మీదా కోర్టుకి వెళ్ళాడు. జార్జి అదే ఏడు, దాచుకున్న పాటలన్నీ కలిపి ఒకేసారి మూడు రికార్డుల సంపుటం విడుదల చేశాడు!

"మనది" అన్నన్నాళ్ళూ నిలిచిన మేళం "ఎవరిది?" అన్ననాడు నిలవలేదు. ఇది వేరే దేశంలోనే జరిగేది కాదు. మన దగ్గర జరిగిన రెండో కథ వినండి.

కోవూరు దాటి, పడుగుపాడు దాటి, పెన్న వంతెన మీదుగా వెళితే నెల్లూరు. అక్కడ తిప్పరాజువారి వీధిలో శ్రీపతి పండితారాధ్యుల సాంబమూర్తి గారనే హరికథకుడు ఉండేవారు. ఆయన కుమారుడే 1946లో పుట్టిన బాలసుబ్రహ్మణ్యం గారు. తండ్రి వాయిస్తుండగా చూసే హార్మోనియం నేర్చుకున్నారు. ఇంజనీరు కావాలని మద్రాసు చేరి, 1964లో అక్కడ తెలుగువారి పాటల పోటీలో మొదటి బహుమతి గెలిచారు. 1966 డిసెంబరు 15న సంగీత దర్శకుడు ఎస్. పి. కోదండపాణి గారు ఆయన చేత మొదటి సినిమా పాట పాడించారు.

ఆ రోజుల్లో బాలు గారు ఒక పాటకచేరీ మేళానికి నాయకుడు. అందులో అనిరుత్త అనే ఆయన హార్మోనియం వాయించేవారు. మిగిలిన ముగ్గురూ తమిళదేశంలోని పణ్ణైపురం అనే పల్లెనుంచి వచ్చిన అన్నదమ్ములు: భాస్కర్, ఇళయరాజా, గంగై అమరన్. వాళ్ళు చిన్నతనం నుంచీ పెద్దన్న వరదరాజన్ వెంట ఊరూరా తిరిగి వాయించినవాళ్ళు. ఇళయరాజా గారు పధ్నాలుగో ఏటనే ఆ మేళంలో చేరారు. బాలు గారి మేళంలో ఆయన గిటారూ, తరవాత హార్మోనియమూ వాయించేవారు. వేదిక మీద దీపం అంతా పాడేవారి మీద; వాయించేవారు వెనక.

మరి తరవాత ఏమైంది? ఇళయరాజా గారు ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం అభ్యసించి, 1976లో సంగీత దర్శకులయ్యారు. ఇప్పుడు బాణీ ఆయనది, పాడేది బాలు గారు. నాయకుడు ఎవరో, అనుచరుడు ఎవరో తారుమారయింది. బాలు గారు దాన్ని తక్కువతనంగా అనుకుని ఉంటే, ఇద్దరూ కలిసి చేసిన వేలాది పాటలు మనకి ఉండేవి కావు. 1983లో వచ్చిన "సాగర సంగమం" సినిమాకి, 1988లో వచ్చిన "రుద్రవీణ"కి ఉత్తమ సంగీతానికి ఇళయరాజా గారికీ, ఉత్తమ గానానికి బాలు గారికీ జాతీయ బహుమతులు వచ్చాయి. ఒకే సినిమాకి ఇద్దరికీ!

అయితే ఇక్కడ కూడా "ఎవరిది?" అన్న ప్రశ్న రాకపోలేదు. పొలం ఎవరిదో పట్టా చూస్తే తెలుస్తుంది. పాట ఎవరిది? బాణీ కట్టినవారిదా, రాసినవారిదా, పాడినవారిదా, డబ్బు పెట్టినవారిదా? దీనికి చట్టం ఉన్నది. పాటను వేదిక మీద పాడి డబ్బు సంపాదిస్తే, దాన్ని సృష్టించినవారికి అందులో భాగం ఉండాలన్నది ఆ చట్టం వెనక ఉన్న న్యాయం. 2017లో బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తన అనుమతి లేకుండా తన పాటలు పాడరాదని ఇళయరాజా గారి తరఫున లాయరు నోటీసు వచ్చింది. బాలు గారు తగాదాకి దిగలేదు. ఆ కచేరీల్లో ఆ పాటలు పాడడం మానుకున్నారు. విన్నవాళ్ళందరికీ మనసు చివుక్కుమంది.

కాని కథ అక్కడ ముగియలేదు. 2019లో చెన్నైలో ఇళయరాజా గారి కచేరీలో బాలు గారు మళ్ళీ పాడారు. 2020 ఆగస్టులో కరోనా జబ్బుతో బాలు గారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇళయరాజా గారు పాత రోజుల్లో పిలిచినట్టుగా "బాలూ" అని పిలిచి, త్వరగా లేచి రమ్మనీ, నీకోసం ఎదురుచూస్తున్నాననీ వీడియోలో చెప్పారు. సినిమాలు రాకముందే వేదికల మీద మొదలైన స్నేహం మనదని అందులో గుర్తు చేశారు. ఆ సెప్టెంబరు 25న బాలు గారు కన్నుమూశారు. అదే సంవత్సరం మొదట్లో ఆయన తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని వేదపాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చి ఉన్నారు.

చివరి పాట

బీటిల్స్ కథకి కూడా ఇంకొంచెం మిగిలి ఉన్నది. 1980 డిసెంబరు 8న జాన్‌ని న్యూయార్కులో ఒకడు కాల్చి చంపాడు. అంతకు కొన్నేళ్ళ ముందు జాన్ ఇంట్లో పియానో ముందు కూర్చుని ఒక పాట పాడి మామూలు క్యాసెట్టులో నింపుకున్నాడు. 1995లో మిగిలిన ముగ్గురూ దాన్ని పూర్తి చెయ్యాలని చూశారు. పియానో మోతలో గొంతు కలిసిపోయి విడదీయరాలేదు. వదిలేశారు. 2001లో జార్జి జబ్బుచేసి పోయాడు.

తరవాత కంప్యూటర్లకి కొత్త విద్య వచ్చింది. మనిషి గొంతు ఎలా ఉంటుందో, పియానో ఎలా ఉంటుందో వాటికి వేరువేరుగా నేర్పితే, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కలిసిపోయిన చప్పుళ్ళను అవి విడదీస్తాయి. అలా జాన్ గొంతు విడిగా తీశారు. దానికి 1995లో జార్జి వాయించి ఉంచిన గిటారు చేర్చారు. పాల్, రింగో ఇద్దరూ ముసలితనంలో కూర్చుని మిగిలింది పూర్తి చేశారు. "నౌ అండ్ దెన్" అనే ఆ పాట 2023 నవంబరు 2న వెలువడింది. కోర్టులకెక్కిన స్నేహితుల చివరి పాట అది.

మరి ఆ పాత క్వారీమెన్ ఏమయ్యారు? 1997లో, చర్చి ఉత్సవం జరిగి నలభై ఏళ్ళయిన సందర్భంలో, పీట్ షాటన్, ఎరిక్ గ్రిఫిత్స్, రాడ్ డేవిస్, కాలిన్ హాంటన్, లెన్ గారీ మళ్ళీ ఒకచోట చేరి వాయించారు. యాభై దాటిన ఆ పెద్దమనుషులకి పోయిన పేరు దొరకలేదు గాని పోయిన మేళం దొరికింది.

మీలో ఎవరైనా రేపు ఒక అట్టపెట్టె, ఒక రబ్బరు బాండు, ఒక పాత డబ్బా తీసుకుని మేళం కట్టవచ్చు. మీకంటె బాగా వాయించేవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే, పదహారేళ్ళ జాన్ ఏం చేశాడో అదే చెయ్యండి: లోపలికి పిలవండి. అందుకోసం పాత స్నేహితుడు ఎవరైనా పక్కకి తప్పుకోవలసి వస్తే మాత్రం, జాన్ చెయ్యని పని చెయ్యండి: మీరే వెళ్ళి, ఎదుట కూర్చుని, ఆ మాట మీ నోటితో చెప్పండి. అది కష్టమైన పనే. అయినా మేళం విడిపోయాక కూడా మిగలవలసినది ఒకటున్నది. అది స్నేహం.